రికార్డర్ బొమ్మ దగ్గరే నిలిచిపోతే: ముందు మాటలు, తర్వాత యంత్రం



ఈసారి గూళ్ల రేట్లు, మందుల సంగతి పక్కన పెట్టినాము. పోయిన పంటప్పుడు మా రికార్డర్ చెడిపోయి మళ్లీ బాగైన సంగతి చాలామందికి తెలిసింది. "ఎట్ల బాగుచేసినారు? మా స్పీకర్ కూడా అప్‌డేట్ చేస్తుంటే సచ్చిపోయింది" అని ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. మేము ఇంజనీర్లం కాదు, పురుగులు మేపేవాళ్లం. అయినా మూడు రోజులు దానితో కుస్తీ పట్టినాము. ఏమి చేస్తే పోతుంది, ఏమి చేస్తే మిగులుతుంది అనేది మాత్రం బాగా తెలిసొచ్చింది.

ముందు ఆ రికార్డర్లో ఏముందో చెప్పాల. మా కోలారు పక్క ఊళ్లో 14 ఇండ్లవాళ్లం కలిసి గుంపు నడుపుతున్నాము. మాలో ఒక పెద్దాయన ఉండె, అందరికీ తాత వరస. పచ్చగూళ్ల మైసూరు జాతి కాలం నుంచి, మైసూరు జాతికీ సీఎస్‌ఆర్2కీ పుట్టిన కోలార్ గోల్డ్ దాకా, ఆ తర్వాత తెల్లగూళ్ల బైవోల్టీన్ దాకా అన్నీ మేపినాయన. చాకీలో ఆకు ఎంత సన్నగా తరగాల, పురుగు జ్వరానికి కూర్చునేది ముందు రోజే ఎట్ల గుర్తుపట్టాల, పండిన పురుగును చంద్రికకు ఏ పొద్దులో ఎక్కించాల, ఇవన్నీ ఆయన నోట వినాల్సిందే. పుస్తకంలో ఉండేది ఆయన కూడా చెప్తాడు, కానీ మా నేల, మా గాలి, మా ఇండ్ల కప్పులను బట్టి చెప్తాడు. రెండేండ్లు తీరిక దొరికినప్పుడల్లా ఆయన పక్కన కూర్చొని మాట్లాడించి, ఆ చిన్న రికార్డర్లో ఎక్కించినాము. పోయిన ఆషాఢంలో ఆయన కాలం చేసినాడు.

ఆ మాటలకు రెండో కాపీ లేదు. ఆ తప్పు మాదే, ఎవురినీ అనేది లేదు.

చెడిపోయిన విధం ఇది. రికార్డర్ లోపల కొంచెం మెమరీ ఉంది, పక్కన చిన్న మెమరీ కార్డు పెట్టుకునే సందు కూడా ఉంది. ఉన్న కార్డు నిండిందని 64 జీబీ కార్డు ఒకటి కొన్నాము. పెడితే రికార్డర్ దాన్ని చూడనే లేదు. మా గుంపులో చదువుకునే పిల్లోడు ఒకడు కంపెనీ వాళ్ల పేజీలో చూసి, కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే పెద్ద కార్డు తీసుకుంటుందంట మామా అన్నాడు. సరే వెయ్యి అన్నాము. ఫైల్ దించి, రికార్డర్లో పెట్టి, ఆన్ చేస్తే "అప్‌డేట్ చేయాలా" అని అడిగింది. అవును అని నొక్కినాము. గీత సగం దాకా పోయింది. తెర ఆరిపోయింది. సెల్లులు అయిపోయినాయి.

బొమ్మలో సెల్లు రెండు గడులు చూపిస్తూనే ఉండె. తర్వాత తెలిసింది అసలు సంగతి. మేము వేసినవి ఛార్జింగ్ చేసుకునే సెల్లులు. అవి ఒక్కోటి 1.2 వోల్టులు. మామూలు సెల్లు 1.5 వోల్టులు. ఏ రకం సెల్లు వేసినామో రికార్డర్ సెట్టింగులో చెప్పాల, మేము చెప్పలేదు. అందుకే అది తప్పు లెక్క చూపించింది. ఇంత చిన్న దానికి ఇంత పెద్ద చిక్కు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా కంపెనీ బొమ్మ వస్తుంది, అక్కడే నిలుస్తుంది, ఆరిపోతుంది.

ఇప్పుడు ఫర్మ్‌వేర్ అంటే ఏమో మనకు తెలిసిన మాటల్లో చెప్తాము. రికార్డర్, స్పీకర్, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, ఏదైనా సరే, దాని లోపల ఒక చిప్పులో "ఈ బటన్ నొక్కితే ఇది చెయ్యి, మైకు నుంచి వచ్చింది ఇట్ల దాచు" అని రాసి పెట్టిన పని పద్ధతి ఉంటుంది. అదే ఫర్మ్‌వేర్. అప్‌డేట్ అంటే పాత రాతను తుడిచి ఆ చోటే కొత్తది రాయడం. ఆ చిప్పులో కొంచెం కొంచెంగా దిద్దే పని జరగదు. ఒక పెద్ద మడిని మొత్తం తుడిచి, మళ్లీ మొత్తం రాయాల. తుడిచిన తర్వాత, రాసి ముగించే లోపల కరెంటు పోతే అక్కడ పాతదీ లేదు, కొత్తదీ పూర్తిగా లేదు.

మనకు ఇది కొత్త కాదు. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు పాత చర్మం విడుస్తుంది, లోపల కొత్తది తయారవుతుంది. ఆ ఒక్క రోజు మనము ఆకు వేయము, పడకను కదిలించము, సున్నం పొడి చల్లి ఆరబెట్టి ఊరికే ఉంటాము. సగం విడిచిన పురుగును కదిలిస్తే అది పాత చర్మంలోంచి బయటికి రాలేదు. అప్‌డేట్ కూడా అట్లే, ఆ నాలుగైదు నిమిషాలు యంత్రానికి జ్వరం. పురుగుకూ యంత్రానికీ తేడా ఒకటే. చర్మంలో ఇరుక్కున్న పురుగు చచ్చిపోతుంది. యంత్రం చాలావరకు చచ్చిపోదు.

ఎందుకు చచ్చిపోదంటే, లోపల మూడు గదులు వేరువేరుగా ఉంటాయి. మొదటిది చాలా చిన్న గది. ఆన్ చేసిన వెంటనే లేచి, "ఫర్మ్‌వేర్ ఎక్కడుంది, బాగుందా" అని చూసే రాత అక్కడ ఉంటుంది. దాన్ని బూట్‌లోడర్ అంటారు. మామూలు అప్‌డేట్ చాలాసార్లు దీని జోలికి పోదు. రెండో గది ఫర్మ్‌వేర్. మాది పాడైంది ఇదే. మూడో గది మనము రికార్డు చేసిన ఫైళ్లు ఉండేది. కార్డులో ఉన్నవైతే అసలు ఆ ఇంట్లోనే లేవు, పక్కింట్లో ఉన్నట్టు లెక్క. కంపెనీ బొమ్మ కనపడుతోందంటే ఎవరో లేచి ఆ బొమ్మ గీస్తున్నారనే కదా. చాలా యంత్రాల్లో మొదటి గది బతికే ఉందని దాని అర్థం.

ఇది తెలియక మేము మొదటి రోజు ఎంత భయపడినామో చెప్పలేము. రెండో గది కాలితే మూడో గదిలో బియ్యం కూడా కాలిపోయినాయి అనుకున్నాము. కాలలేదు. కానీ ఇట్లాంటప్పుడు ఆ బియ్యాన్ని మన చేతులారా మనమే పారబోసే అవకాశం చాలా ఉంది. ఆ సంగతే అన్నిటికన్నా ముఖ్యం.

మేము మొదట టౌనుకు పోయి ఒక రిపేరు అంగడిలో చూపించినాము. ఆయన చూసి, "ఫార్మాట్ కొట్టి కొత్తగా వేస్తే లేస్తుంది, సాయంత్రం రాండి" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు యంత్రం బాగైతే చాలు. లోపలి మాటలు ఆయనవి కావు. మావాళ్లలో ఒక అక్క మాత్రం, "ఫార్మాట్ అంటే మా తాత మాటలు ఏమవుతాయి అన్నా?" అని అడిగింది. "అవి పోతాయి కదమ్మా" అన్నాడు. వెనక్కి తీసుకొని వచ్చేసినాము. ఆ అక్క ఆ మాట అడగకుండా ఉండి ఉంటే ఈ రాత రాసేవాళ్లం కాదు.

అందుకే ఎవరి యంత్రమైనా ఇట్ల నిలిచిపోతే, ముందు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. ఆన్, ఆఫ్ పదిసార్లు చేయొద్దు. బటన్లన్నీ కలిపి నొక్కి చూడొద్దు. కొన్నిట్లో ఆ నొక్కుడే లోపలిదంతా తుడిచే నొక్కుడు. సెల్లులు తీసి పక్కన పెట్టి, ముందు కార్డు బయటికి తీయండి.

కార్డు తీసినంక నేరుగా ఫోన్లో పెట్టొద్దు. ఫోను దానిలో తన ఫోల్డర్లు తాను రాసుకుంటుంది. ల్యాప్‌టాప్ దొరికితే మంచిది. చిన్న కార్డును పెద్ద కార్డు ఆకారంలో ఉండే అడాప్టర్‌లో పెడతాము కదా, దాని అంచున చిన్న జారుడు ముక్క ఉంటుంది. దాన్ని లాక్ అని రాసిన పక్కకు జరపండి. అప్పుడు ల్యాప్‌టాప్ చదువుతుంది గానీ రాయదు. ఇన్నాళ్లు ఆ ముక్క ఎందుకుందో మాకు తెలియదు. మా ఇంట్లో ఒక అడాప్టర్‌కు పిల్లలు దాన్ని పీకేసి ఉన్నారు కూడా.

కార్డులో 37 ఫైళ్లు ఉన్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లోకి ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసుకున్నాము. కాపీ అయింది అని ఊరుకోకుండా, ఒక్కో ఫైలూ తెరిచి మొదట కొంచెం, చివర కొంచెం విన్నాము. దీనికి ఒక పూట పట్టింది. కానీ ఆ పూట మనసు నిమ్మళించింది.

ఒకవేళ ఎవరిదైనా కార్డు ఫార్మాట్ అయిపోయి ఉంటే, అప్పుడు కూడా ఆశ వదులుకోవద్దు. త్వరగా అయిపోయే ఫార్మాట్ చాలావరకు పుస్తకం ముందుండే విషయసూచిక పేజీని చించినట్టు, లోపలి పేజీలు అట్లే ఉంటాయి. ఆ కార్డులో కొత్తగా ఏదీ రికార్డు చేయకుండా ఉంటే చాలు. ఫోటోరెక్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. పేరు ఫోటోలదే గానీ పాటల ఫైళ్లు కూడా వెతుకుతుంది. ఒక్కో రకం ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. అది సూచిక పేజీని పట్టించుకోకుండా ఆ గుర్తులనే వెతుక్కుంటూ పోయి ఫైళ్లను బయటికి తీస్తుంది. ఫైళ్ల పాత పేర్లు మాత్రం రావు. దొరికినవాటిని అదే కార్డులోకి కాకుండా వేరే చోటికి తీయాల. ఇది మరవొద్దు. అదే కార్డులో పెడితే, వెతుకుతున్న పేజీల మీదే కొత్త రాత రాసినట్టు అవుతుంది.

మా కష్టం ఇక్కడితో తీరలేదు. మొదటి ఏడాది రికార్డు చేసినవి కార్డులో లేవు, రికార్డర్ లోపలి మెమరీలోనే ఉన్నాయి. దాన్ని బయటికి తీయలేము. యంత్రం లేస్తేనే అవి దొరికేది.

రెండో రోజు కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపినాము. ఏమీ రాలేదు. గంటసేపు తలలు పట్టుకున్నాము. చూస్తే ఆ కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే. చౌక కేబుళ్లలో కొన్నిట్లో కరెంటు తీగలే ఉంటాయి, సమాచారం పోయే తీగలు ఉండవు. ఫోనుతో కలిపి చూస్తే తెలిసిపోతుంది. ఛార్జ్ మాత్రం అవుతూ, ఫోన్లో ఎంత వెతికినా ఫైళ్లు చూసే అవకాశం రాకపోతే ఆ కేబుల్ మీద అనుమానపడండి. వేరే కేబుల్ పెట్టినాము. ఈసారి ల్యాప్‌టాప్ టింగుమని మోగింది. వెంటనే తెర మీద ఒక పెట్టె వచ్చింది: ఈ డిస్కును వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాల, చేయమంటారా అని.

పిల్లోని వేలు అవును మీదికి పోతోంది. చెయ్యి పట్టుకొని ఆపినాము.

ఆ పెట్టెను చూసి ఎవరూ మోసపోవద్దు. విండోస్ చెప్పేది "ఈ డిస్కు నాకు అర్థం కాలేదు" అని. దానికి తెలిసిన వైద్యం ఫార్మాట్ ఒక్కటే. డిస్కు పాడైందని కాదు, ఖాళీ అని కూడా కాదు. రికార్డర్ సగం లేచి సగం లేవకుండా ఉన్నందున లోపలి గది తలుపు సరిగ్గా తెరుచుకోలేదు, అంతే. క్యాన్సిల్ నొక్కి కేబుల్ తీసేసినాము.

ఆ తర్వాత చేసిన పని మొదటే చేసి ఉండాల్సింది. ఆ మోడల్ పుస్తకం వెతికి, అప్‌డేట్ గురించి రాసిన పేజీ మొత్తం చదివినాము. మాలో ఇంగ్లీషు సరిగ్గా వచ్చినోళ్లు తక్కువ. ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ చదివినాము. చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే, ఆపే బటన్ నొక్కి పట్టుకొని కేబుల్ కలపండి అని. దీన్నే రికవరీ మోడ్ అంటారు. మొదటి గదిలో ఉన్న బూట్‌లోడర్‌ను, "నువ్వు రెండో గదికి పోవద్దు, నాకు తలుపు తియ్యి, కొత్త ఫర్మ్‌వేర్ నేను తెచ్చిస్తా" అని పిలవడం అది.

ఏ బటన్ అనేది ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. మాది ఆపే బటన్ కదా అని మీరు మీదానికి అదే నొక్కొద్దు. దీనికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. సాన్‌డిస్క్ వాళ్లు ముందు అమ్మిన సాన్సా ఈ200 అనే పాటల పెట్టె తొలి రకంలో రికవరీ మోడ్‌కు పోతే, అది ల్యాప్‌టాప్‌లో 16 ఎంబీ చిన్న డిస్కుగా కనిపిస్తుంది. పాటలు ఉండే పెద్ద డిస్కు కాదు అది, వేరే గది. దానిలో ఫర్మ్‌వేర్ ఫైల్ పెట్టి తీసేస్తే అది తీసుకొని లేస్తుంది. కానీ అదే చిన్న డిస్కులో సాన్సా.ఎఫ్ఎంటీ అనే పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెట్టినా చాలు, పాటల గదినంతా తుడిచేస్తుంది. ఒకే తలుపు నుంచి బతికించే దారీ ఉంది, తుడిచే దారీ ఉంది. ఎవరో వీడియోలో చెప్పినారని తెలియకుండా ఏ ఫైల్ పడితే ఆ ఫైల్ వేయకూడదు అనేది ఇందుకే.

కొత్త సెల్లులు వేసినాము. ఈసారి అంగడిలో కొన్న మామూలు సెల్లులు, సీలు తీయనివి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు కలిపి, దాని బ్యాటరీ కూడా నిండినంకనే మొదలుపెట్టినాము. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో మీకు తెలియనిది కాదు. ఆపే బటన్ నొక్కి పట్టుకొని కేబుల్ కలిపితే, రికార్డర్ తెర చీకటిగానే ఉంది. కానీ ల్యాప్‌టాప్‌లో చిన్న డిస్కు ఒకటి వచ్చింది. ఫర్మ్‌వేర్ ఫైల్ వేసి, పద్ధతి ప్రకారం డిస్కును ఎజెక్ట్ చేసి, కేబుల్ తీసినాము. ఏమీ కాలేదు. మళ్లీ చేసినాము. ఏమీ కాలేదు.

అందరూ నిరాశ పడిపోయినారు. ఒకాయన అయితే, "విధి, వదిలేయండి" అని లేచిపోయినాడు. ఆ రాత్రి నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఆకు వేసి వచ్చి, పదకొండు గంటలకు మళ్లీ కూర్చున్నాము. ఫైల్ పేరు చూసినాము. చివర్లో బ్రాకెట్లో 1 అని ఉంది. పిల్లోడు అదే ఫైల్‌ను రెండోసారి దించినాడు. ఒకే పేరుతో రెండు ఉండకూడదని ల్యాప్‌టాప్ దానికి 1 తగిలించింది. బూట్‌లోడర్ చదువు రాని కావలివాని లాంటిది. దానికి ఒక్క పేరే తెలుసు. అక్షరం తేడా ఉంటే ఆ ఫైల్ వైపు కూడా చూడదు. పేరు సరిచేసినాము.

ఇక్కడే ఇంకో రెండు తప్పులు జరుగుతాయి, మావి కావు గానీ మాకు ఫోన్ చేసినవాళ్లు చేసినవి. ఒకటి, జిప్ మూట విప్పకుండా అట్లే వేయడం. లోపలి ఫైల్‌ను బయటికి తీసి, ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా డిస్కు మొదట్లోనే పెట్టాల. రెండోది, నెట్ ఆగిపోయి సగమే దిగిన ఫైల్. కంపెనీ పేజీలో ఫైల్ సైజు రాసి ఉంటే మనకు దిగిన దానితో పోల్చుకోండి. కొందరు ఫైల్ పక్కన పొడుగాటి అంకెల, అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. అది ఆ ఫైల్ వేలిముద్ర. ఒక్క అక్షరం మారినా ఆ వరుస మారిపోతుంది. చూడటం వచ్చినవాళ్లు ఉంటే చూపించుకోండి.

పేరు మార్చి వేసినంక, రికార్డర్ తెర వెలిగింది. గీత మొదలైంది. ఎవరూ మాట్లాడలేదు. నాలుగు నిమిషాలు పట్టింది. కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది, భాష అడిగింది, తేదీ అడిగింది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: లోపలి మెమరీ ఫార్మాట్ చేయాలా?

ఇంత దూరం వచ్చినంక కూడా ఆ ప్రశ్న! వద్దు అని నొక్కి, కేబుల్ కలిపి చూసినాము. లోపల 26 ఫైళ్లు. ఒక్కటీ పోలేదు. రికార్డర్‌తో వేరే ఏ పనీ చేయకముందే అవన్నీ బయటికి కాపీ తీసినాము.

అందులో ఒక ఫైల్ మాత్రం ఆడలేదు. సైజు 400 ఎంబీకి పైగా ఉంది, ఆడిస్తే 0 సెకన్లు అంటుంది. ఇది అప్‌డేట్ వల్ల కాదు. ముందు ఒకసారి రికార్డు చేస్తున్నప్పుడే సెల్లులు అయిపోయినాయి, మేము గమనించలేదు. వేవ్ అనే రకం ఫైల్‌లో మొదట్లోనే "నా పొడవు ఇంత" అని రాసుకుంటుంది. రికార్డింగ్ ఆపినప్పుడు ఆ అంకెను సరిచేస్తుంది. ఆపకుండా ఆరిపోతే అక్కడ సున్నా ఉండిపోతుంది. మాటలన్నీ లోపలే ఉంటాయి, పైన చీటీ మాత్రం తప్పు. సైజు చూస్తే తెలుస్తుంది. మామూలు సీడీ నాణ్యతలో రెండు మైకులతో రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. 400 ఎంబీ ఉందంటే లోపల 40 నిమిషాల మాట ఉన్నట్టే.

ఆడాసిటీ అని ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. దానిలో ఇంపోర్ట్ కింద రా డేటా అనే దారి ఉంటుంది. దానిలో ఈ ఫైల్‌ను తెరిస్తే, చీటీని నమ్మకుండా లోపలిది లోపలిదిగా తీసుకుంటుంది. కానీ వివరాలు మనమే చెప్పాల: 16 బిట్, రెండు ఛానళ్లు, 44100 అని. మొదట ఒక అంకె తప్పు పెట్టినాము, చెవులు చిల్లులు పడే బుస్సుమనే శబ్దం. రెండోసారి ఛానళ్ల దగ్గర రెండుకు బదులు ఒకటి అని పెట్టినాము, తాత గొంతు మూలుగుతూ నిదానంగా వచ్చింది. పక్కనే కూర్చున్న ఆయన మనవరాలు నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. మూడోసారి సరిగ్గా వచ్చింది. మొదట్లో చిన్న టిక్కుమనే శబ్దం ఉంది, అది తప్పు చీటీని కూడా శబ్దం అనుకొని ఆడించడం వల్ల. దాన్ని కత్తిరించి కొత్త పేరుతో దాచినాము. పాత ఫైల్ తీసేయలేదు, అట్లే ఉంచినాము.

మీలో చాలామంది దగ్గర రికార్డర్ ఉండదు, బ్లూటూత్ స్పీకరో ఇయర్‌బడ్సో ఉంటాయి. రాత్రి పురుగుల ఇంట్లో ఆకు వేసేటప్పుడు పాటలు పెట్టుకునేది అవే కదా. వాటి లోపల మన ఫైళ్లు సాధారణంగా ఉండవు కాబట్టి పోయేది యంత్రం ధరే. ఫోన్లో కంపెనీ యాప్‌తో అప్‌డేట్ చేస్తుంటే ఫోనును పక్కనే పెట్టండి, రెండిటికీ ఛార్జింగ్ ఉండాల, మధ్యలో ఫోన్ కాల్ వస్తే లేచి పోవద్దు. మధ్యలో తెగిపోతే కంగారు పడొద్దు. కొన్ని కొత్తవాటిలో ఫర్మ్‌వేర్‌కు రెండు గదులు ఉంటాయి. కొత్తది ఖాళీ గదిలో రాసి, పూర్తయినంకనే అక్కడికి మారుతుంది. మధ్యలో తెగితే పాత గదితోనే లేస్తుంది. అట్లాంటిదైతే మళ్లీ మొదటి నుంచి అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. బటన్ నొక్కి పట్టుకొని చేసే రీసెట్ వేరే సంగతి. అది ఏ ఫోన్లతో జత కట్టిందో ఆ జాబితాను మరిచిపోతుంది, పాడైన ఫర్మ్‌వేర్‌ను బాగుచేయదు. రీసెట్ చేసినాము, బాగు కాలేదు అని ఫోన్ చేసినవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు ఇదే జవాబు.

గుళ్లో, మీటింగుల్లో పెట్టే ఆంప్లిఫయర్లకు పెన్‌డ్రైవ్ పెట్టే చౌక బోర్డులు ఉంటాయి. వాటికి చాలావరకు అప్‌డేట్ అనేదే ఉండదు. పెన్‌డ్రైవ్ చదవకపోతే ఫర్మ్‌వేర్ అనుకోవద్దు. 64 జీబీ, అంతకంటే పెద్దవి అంగడిలో ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి. పాత బోర్డులకు ఫ్యాట్32 మాత్రమే తెలుసు. 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే ఆడుతుంది. నిజం చెప్పాలంటే మా రికార్డర్ గొడవ కూడా ఇక్కడే మొదలైంది. ఆ రోజు 32 జీబీ కార్డు కొని ఉంటే అప్‌డేట్ అవసరమే లేదు.

రికవరీ మోడ్ కూడా రాకపోతే, కేబుల్ కలిపినా ల్యాప్‌టాప్ పలకకపోతే, మొదటి గది కూడా పోయిందని అనుమానించాల. అప్పుడు బోర్డు మీద తీగలు అతికించి చిప్పులో నేరుగా రాసే పని ఉంటుంది. అది ఇంట్లో చేసేది కాదు, కంపెనీ సర్వీస్ సెంటరుకే ఇవ్వాల. ఇచ్చేటప్పుడు "లోపలి ఫైళ్లు తుడవకూడదు, తుడవక తప్పకపోతే ముందు మాకు చెప్పాల" అని చీటీ మీద రాయించి, దాని కాపీ తీసుకోండి. నోటి మాట మీద వదిలిపెట్టొద్దు. చీటీ రాసే మనిషి ఒకరు, లోపల బల్ల మీద విప్పే మనిషి ఇంకొకరు.

ఇప్పుడు 63 ఫైళ్లు మూడు చోట్ల ఉన్నాయి: ఒక ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్, ఇంకో ఊళ్లో మా వియ్యంకుల ఇంట్లో ఒక కార్డు. ఒకే ఇంట్లో మూడు పెడితే ఒకే పిడుగుకు మూడూ పోతాయి కదా అని అట్ల చేసినాము. సున్నా సెకన్లని చూపించిన ఫైల్‌లో తాత పండిన పురుగు గురించి చెప్తున్నాడు. ఆకు మాని తల ఎత్తి చూసే పురుగును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే లోపల ద్రాక్షపండు మాదిరి కనిపించాల, ఆ రంగు రాకముందే తొందరపడి ఎక్కించినోని గూడు పలుచగా ఉంటుంది అని. గూడు కట్టే మూడు రోజులు గాలి ఆడకపోతే ఏమవుతుందో కూడా అందులోనే ఉంది. కావాల్సినవాళ్లు వచ్చే సోమవారం గూళ్లు అమ్మేదానికి శిడ్లఘట్ట మార్కెట్టుకు వచ్చినప్పుడు మమ్మల్ని కలవండి. ఖాళీ కార్డో పెన్‌డ్రైవో తెచ్చుకోండి, 32 జీబీ చాలు.